“మీరేమైనా అడుగుతారా?” అన్నప్పుడు ఏం అడగాలి

గుంటూరు బ్రాడీపేటలో ఆడిటర్ గారి ఆఫీసులో రెండేళ్లుగా పనిచేస్తున్నానని, వచ్చే శనివారం విజయవాడ ఆటోనగర్‌లో విడిభాగాల డిస్ట్రిబ్యూషన్ కంపెనీలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉందని రాశారు. ఇంతకుముందు వెళ్లిన రెండుచోట్లా చివర్లో “మీరేమైనా అడుగుతారా అమ్మా” అంటే “ఏం లేదు సార్” అని లేచి వచ్చేశారట. ఈసారైనా అడుగుదామంటే నాన్నగారు “ఎక్కువ మాట్లాడితే పొగరనుకుంటారు, చేతికొచ్చే ఉద్యోగం పోతుంది” అంటున్నారట. విజయవాడలో కంపెనీలకి మనుషుల్ని తీసుకునే పనిలో నేను ఇరవై ఏళ్లకి పైగా ఉన్నాను. మొదట ఆటోనగర్‌లో, తర్వాత ఆసుపత్రుల్లో. బల్లకి అవతలివైపు కూర్చుని మీలాంటి పిల్లల్ని ఎంతోమందిని చూశాను. కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు నాన్నగారి సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర చాలా కంపెనీల్లో ఓనరే ఇంటర్వ్యూ చేస్తారు, ఆయనకి నచ్చితే అక్కడికక్కడే “సోమవారం నుంచి వచ్చెయ్” అంటారు, నచ్చకపోతే “కబురు చేస్తాం” అంటారు. అలాంటిచోట లోపలికి వెళ్లీ వెళ్లగానే “సెలవులెన్ని, ఇంక్రిమెంట్ ఎంత” అని మొదలుపెడితే నిజంగానే మొహం చిట్లించుకుంటారు. కానీ పని గురించి నాలుగు ముక్కలు అడిగిన పిల్లని పొగరనుకున్న ఓనర్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. అందరూ వెళ్లిపోయాక “ఆ అమ్మాయి ఏదో అడిగిందే, తనని పిలవండి” అన్నవాళ్లే ఎక్కువ. జీతం ఏ తేదీన వేస్తారు అని మర్యాదగా అడిగితే కోపం తెచ్చుకునే మనిషి దగ్గర రేపు ఆ జీతం కోసం ప్రతినెలా నిలబడాల్సింది మీరే. ఆ కోపమేదో ఇంటర్వ్యూలోనే బయటపడితే మీకు మేలు.

ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్నలంటూ నెట్‌లో దొరికే జాబితాలు చాలామంది బట్టీపట్టి వస్తారు. “మీ వర్క్ కల్చర్ ఎలా ఉంటుంది?”, “అయిదేళ్లలో కంపెనీ ఎక్కడుంటుంది?” లాంటివి. వాటికి జవాబులు కూడా అందరూ బట్టీపట్టే ఉంటారు. “మేమంతా ఒక ఫ్యామిలీలా ఉంటామమ్మా” అంటారు. మీరు తలూపుతారు. లేచి వచ్చాక చూసుకుంటే చేతిలో ఒక్క సంగతీ ఉండదు. నేను పిల్లలకి చెప్పేది ఒకటే: వాళ్లేమనుకుంటున్నారో అడగొద్దు, ఇప్పటిదాకా ఏం జరిగిందో అడగండి. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు “నీళ్లకి ఇబ్బంది ఉంటుందా” అంటే ఏ ఓనరూ ఉంటుందని చెప్పరు. “నిన్న మున్సిపల్ నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఎంతసేపు వచ్చాయి” అని అడిగితే, అదీ పక్క వాటావాళ్లని అడిగితే, సంగతి తెలుస్తుంది. ఇంటర్వ్యూలోనూ అంతే. “జీతాలు టైముకి వేస్తారా” అని కాకుండా “పోయిన నెల జీతం ఏ తేదీన పడింది సార్” అని అడగండి. మొదటిదానికి అవునంటే సరిపోతుంది. రెండోదానికి తేదీ చెప్పాలి.

వీటన్నిటిలోకి నేను ముందు పెట్టే ప్రశ్న: “ఈ పోస్టు కొత్తగా పెట్టారా సార్, ఇంతకుముందు ఎవరైనా చేసేవారా?” చేసేవారంటే, “వారు ఎంతకాలం చేశారు, ఇప్పుడు ఇక్కడే వేరే పనిలో ఉన్నారా?” అడగడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, కానీ లోపలి సంగతి చాలావరకు ఇందులోనే బయటపడుతుంది. ఒకసారి ఆటోనగర్‌లోనే ఒక ఆఫీసులో ఓనరు, మేనేజరు, నేను కూర్చుని ఉన్నాం. స్టోర్స్ అకౌంట్స్‌కి వచ్చిన కుర్రాడు ఇదే అడిగాడు. ఓనరు గారు వెంటనే మాట్లాడలేదు. చేతిలో ఉన్న పెన్ను మూత తీసి, పెట్టి, మేనేజర్ వైపు చూశారు. మేనేజరు రెజ్యూమె మీదకి వంగి ఏదో చదువుతున్నట్టు ఉండిపోయాడు. చివరికి ఓనరే చెప్పారు: “ఏడాదిలో ఇద్దరు మారారు. స్టాకులో తేడాలొస్తే అకౌంట్స్ వాళ్ల మీదకే వస్తోంది, వాళ్లు తట్టుకోలేక వెళ్లిపోతున్నారు.” కుర్రాడు కంగారుపడలేదు. “గోడౌన్ తాళాలు ఎవరి దగ్గరుంటాయి సార్, స్టాకు లెక్క నెలకోసారా, మార్చిలో ఒక్కసారేనా?” అన్నాడు. ఆ గదిలో అప్పటిదాకా జరిగింది ఇంటర్వ్యూ. అక్కణ్ణుంచి ఇద్దరు పనివాళ్లు పని గురించి మాట్లాడుకున్నట్టు నడిచింది. నెలనెలా లెక్క పెట్టే పద్ధతి పెడితేనే చేరతానని చెప్పి మరీ చేరాడు. ఆ మేనేజరు తలెత్తకపోవడం కూడా ఒక జవాబేనని అతను పట్టుకున్నాడు. మీరు కూడా అడిగాక ఎదుటివాళ్ల మాటతో పాటు మొహం చూడండి, జవాబు ఎవరు చెప్పారో, ఎవరు మౌనంగా ఉన్నారో గుర్తుపెట్టుకోండి.

మీది అకౌంట్స్ పని కాబట్టి పనిలోపలి ప్రశ్నలు మీకు నాకన్నా బాగా తెలుసు. వాటినే వాడుకోండి. ప్రతినెలా 7లోపు టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన ఆదాయపు పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 15కి పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) చలానాలు, 20కి జీఎస్టీఆర్-3బి (జీఎస్టీ లెక్క చూపి పన్ను కట్టే రిటర్ను). అకౌంట్స్ డిపార్ట్‌మెంటులో నెలంటే ఈ తేదీల చుట్టూ తిరిగేదే. “పోయిన నెల 20న ఆఫీసు నుంచి మీరు ఎన్నింటికి బయటపడ్డారు?” అని మీ పైన ఉండబోయే అకౌంట్స్ మేనేజర్ని నవ్వుతూ అడగండి. “టైమింగ్స్ ఏంటి” అంటే తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర అని చెబుతారు. 20వ తేదీ గురించి అడిగితే అసలు సంగతి చెబుతారు. గుంటూరు నుంచి రోజూ వచ్చిపోయే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ముప్పై అయిదు కిలోమీటర్లే కదా అంటారు అందరూ. గుంటూరు బస్టాండు నుంచి మంగళగిరి, తాడేపల్లి మీదుగా వారధి దాటి పండిట్ నెహ్రూ బస్టాండుకి, అక్కణ్ణుంచి బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటి ఆటోనగర్‌కి. ఇంటినుంచి సీటుదాకా లెక్కేస్తే పోను గంటన్నర, రాను గంటన్నర సులువుగా అవుతుంది. దసరా రోజుల్లో దుర్గమ్మ కొండ కింద ట్రాఫిక్ మళ్లించినప్పుడు ఇంకా ఎక్కువ. శనివారం ఇంటర్వ్యూకి వస్తున్నారు కాబట్టి ట్రాఫిక్ మీకు అసలు రూపంలో కనిపించకపోవచ్చు. వీలైతే ఈలోపు మామూలు రోజున ఒకసారి సాయంత్రంపూట అటు వెళ్లండి. ఆఫీసు దగ్గర్లో టీ బడ్డీ ఉంటుంది, అక్కడ నిలబడి టీ తాగండి. ఏడింటికి లోపల ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో, ఆడపిల్లలు ఎన్నింటికి బయటికొస్తున్నారో కనిపిస్తుంది. ఏ హెచ్ఆరూ అంత సరిగ్గా చెప్పదు, నేను కూడా చెప్పలేదు ఎప్పుడూ.

ఇంకో ప్రశ్న ఉంది, సున్నితమైనది. విడిభాగాల వ్యాపారంలో బిల్లు లేకుండా సరుకు తిరగడం, అదే మనవాళ్లు జీరో వ్యాపారం అంటారు చూడండి, కొన్నిచోట్ల ఉంటుంది. దాని లెక్క రాసేది అకౌంట్స్ పిల్లలే. రేపు ఏదైనా తనిఖీ జరిగితే సిస్టమ్‌లో ఎంట్రీలన్నీ మీ యూజర్ ఐడీ మీదే ఉంటాయి. సూటిగా “మీరు జీరో చేస్తారా” అని అడగలేం. “బిల్లింగు, స్టాకు, కలెక్షను అన్నీ ఒకే టాలీ కంపెనీలోనా సార్, వేర్వేరుగానా? రిటర్న్‌లు లోపలే వేస్తారా, ఆడిటర్ గారు వేస్తారా?” అని అడగండి. (టాలీ అంటే లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, అందులో ఒక్కో లెక్కల పుస్తకాన్ని ‘కంపెనీ’ అంటారు.) బ్రాంచీలుంటే అలాంటివి రెండు మూడు ఉండటం మామూలే, అది వివరంగా చెబుతారు. “అవన్నీ చేరాక తెలుస్తాయిలే అమ్మా” అన్నారంటే మాత్రం మీరు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. రెండేళ్లు ఆడిటర్ ఆఫీసులో చేసినదానివి నీకు వేరే చెప్పక్కర్లేదు. (చిన్నపిల్లవి అనుకుని ‘నువ్వు’ అనేశాను, ఏమీ అనుకోకండి.)

ఇంటర్వ్యూకి ముందే ఇంట్లో కూర్చుని చూసుకోగల సంగతులున్నాయి. కంపెనీ జీఎస్టీ నంబరు వాళ్ల ఏ బిల్లు మీదైనా ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో సెర్చ్ ట్యాక్స్‌పేయర్‌లో కొడితే రిజిస్ట్రేషన్ తేదీ, ఏ నెల రిటర్ను ఎప్పుడు వేశారో కూడా కనిపిస్తుంది. మీరు రోజూ చేసే పనే. ప్రతినెలా 3బి వారాల తరబడి ఆలస్యంగా వేస్తున్నారంటే డబ్బు బిగుతుగా ఉండొచ్చు. అలాంటప్పుడు జీతం తేదీ ప్రశ్న తప్పనిసరి. ఈపీఎఫ్ఓ, అంటే పీఎఫ్ ఆఫీసు, సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్ ఉంది, అందులో కంపెనీ పేరు కొడితే ఏ నెలకి ఎంతమంది తరఫున ఎంత కట్టారో వస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో ఎప్పుడు పెట్టారో, డైరెక్టర్లు ఎవరో తెలుస్తుంది. ఇవి చూసుకుని వెళ్లారంటే అక్కడ “మీ కంపెనీ గురించి చదివాను సార్” అని చెప్పుకోవాల్సిన పనే ఉండదు, మీ ప్రశ్నలే ఆ మాట చెబుతాయి.

ఇప్పుడు ఒక ప్రశ్న చెబుతాను, అది అడిగితే ఇంకో పది ప్రశ్నలు అడగక్కర్లేదు. “కంపెనీలో మొత్తం ఎంతమంది సార్, అందరూ కంపెనీ రోల్స్‌లోనేనా, థర్డ్ పార్టీ రోల్స్‌లో కూడా ఉన్నారా?” వినడానికి మామూలుగా ఉంటుంది, ఎవరూ చిన్నబుచ్చుకోరు. కానీ ఉద్యోగుల చట్టాలు చాలావరకు తలల లెక్క మీదే ఆధారపడి ఉంటాయి. 10 మంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసుకి ఇచ్చే మొత్తం), మెటర్నిటీ బెనిఫిట్ (ప్రసూతి సెలవు, జీతం) కూడా ఆ లెక్కలోనే వస్తాయి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ కూడా 2013 చట్టం ప్రకారం 10 మంది ఉన్న ప్రతిచోటా ఉండాలి. 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. 50 ఉంటే పిల్లల క్రెష్ సౌకర్యం ఉండాలి. “నలభైమందిమమ్మా” అని వాళ్లే చెప్పాక “మాకు పీఎఫ్ లేదు, చేతికే ఇచ్చేస్తాం” అంటే ఆ మాట అక్కడే అతకదని మీకు తెలుస్తుంది. ఈపీఎఫ్ఓ సైట్‌లో పద్నాలుగు మందికే కట్టినట్టు ఉంటే మిగిలిన ఇరవై ఆరుగురూ ఎక్కడున్నారో, మిమ్మల్ని ఏ లెక్కలో వేస్తారో కూడా ఊహించుకోవచ్చు. థర్డ్ పార్టీ రోల్స్ అంటే మీ అపాయింట్‌మెంట్ లెటరు వేరే ఏజెన్సీ పేరు మీద వస్తుంది, రేపు తీసేయడం తేలిక, అనుభవం సర్టిఫికెట్ కూడా వాళ్ల పేరు మీదే వస్తుంది. ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ అవసరాన్ని బట్టి. తెలిసి ఒప్పుకోండి, అంతే.

పెళ్లి గురించి వాళ్లు మిమ్మల్ని అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి. “పెళ్లి సంబంధాలు చూస్తున్నారా, పెళ్లయ్యాక మానేస్తావా” అని ఇప్పటికీ అడుగుతున్నారు, నాకు ఎంత కష్టంగా అనిపించినా అది నిజం. “పని నచ్చితే చేస్తూనే ఉంటాను సార్” అని అక్కడితో ఆపేయండి, వివరాలు చెప్పక్కర్లేదు. ప్రసూతి సెలవు గురించి మొదటి ఇంటర్వ్యూలో మీరు అడగొద్దనే నేను చెబుతాను. 2017 సవరణ తర్వాత మొదటి రెండు కాన్పులకి 26 వారాల సెలవు మీ హక్కు, వాళ్లు దయతో ఇచ్చేది కాదు. తలల లెక్క తెలుసుకున్నారంటే ఆ జవాబు మీ చేతికి వచ్చినట్టే. దానికి బదులు “అకౌంట్స్‌లో ఆడవాళ్లు ఎంతమంది, ఎక్కువకాలంగా చేస్తున్నది ఎవరు” అని అడగండి. అక్కడ పదేళ్లుగా చేస్తున్న ఒక అక్క ఉందంటే, వీలైతే ఆమెతో రెండు నిమిషాలు మాట్లాడండి. బాత్‌రూము ఎలా ఉందన్న విషయం దగ్గర్నుంచి అన్నీ ఆమే చెబుతుంది. బాత్‌రూము సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఆటోనగర్‌లో వర్క్‌షాపులకి ఆనుకుని ఉన్న ఆఫీసుల్లో ఆడవాళ్లకి వేరే టాయిలెట్ లేక పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చునే పిల్లల్ని చూశాను. ఇంటర్వ్యూ రోజున “వాష్‌రూమ్ ఎక్కడండీ” అని అడిగి వెళ్లి చూడండి.

జీతం దగ్గరికి వద్దాం. ముందు రౌండులో మీరు ఎత్తొద్దు, వాళ్లే ఎత్తుతారు. ఎత్తినప్పుడు “సంవత్సరానికి 3,60,000 సీటీసీ” (మీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చు) అంటే చాలామంది పన్నెండుతో భాగించి ముప్పై వేలు అనుకుని సంతోషంగా ఇంటికెళ్తారు. అక్కడ అడగాల్సింది “నెలకి చేతికి ఎంతొస్తుంది సార్, బ్రేకప్ ఒకసారి చూపిస్తారా?” బేసిక్ 15,000 అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 1,800 ఆ ముప్పైలోనే కలిపేస్తారు. గ్రాట్యుటీ అని 4.81 శాతం, ఇంకో 720 దాకా అందులోనే. పది శాతం వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) అన్నారంటే 3,000 పక్కకి పోయింది, అది ఏడాది చివర్లో ఇస్తారో ఇవ్వరో. మిగిలింది 24,480. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 22,480. ఇందులో మోసం ఏమీ లేదు, చాలాచోట్ల లెక్క ఇలాగే ఉంటుంది. కానీ గుంటూరులో మీకు ఇప్పుడు వస్తున్నదానికీ దీనికీ తేడా చూసుకుని, బస్సు ఛార్జీలు తీసేసి, రోజుకి మూడు గంటల ప్రయాణం పెట్టుకుని మరీ లెక్క చూడాలి. వేరియబుల్ గురించి అడిగేటప్పుడు కూడా జరిగిందే అడగండి: “పోయినేడాది అకౌంట్స్ వాళ్లకి వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు?” ఇంక్రిమెంట్ కూడా అంతే, “ఏటా పెంచుతారా” అని కాకుండా “చివరిసారి ఏ నెలలో పెంచారు” అని.

జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, మీ వాటా 0.75 శాతం, కంపెనీ వాటా 3.25 శాతం. మీ సంపాదన మీద ఆధారపడిన తల్లిదండ్రులకి కూడా గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. 21,000 దాటితే అది ఉండదు. అప్పుడు “గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందా, అందులో అమ్మానాన్నలు వస్తారా” అని అడగాలి. జీతం వెయ్యి రూపాయలు పెరిగి ఈఎస్ఐ పోయి, ఇన్సూరెన్సూ లేక, ఇంట్లో పెద్దవాళ్లకి ఆపరేషన్ వస్తే అప్పులపాలైన వాళ్లు ఉన్నారు. ఈ ఒక్కటి మర్చిపోవద్దు.

ఇక కాగితాలు. “అపాయింట్‌మెంట్ లెటర్ చేరిన రోజే ఇస్తారా?” అని తప్పకుండా అడగండి. మూడు నెలలు చూశాక ఇస్తామనేది మన దగ్గర పాత అలవాటు. 2025 నవంబర్ 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ప్రతి ఉద్యోగికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలని అందులో ఉంది. మానేసినవాళ్లకి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలని కూడా ఉంది. ఇంటర్వ్యూలో చట్టం చదివి వినిపించొద్దు. లెటరు అడగండి చాలు. ప్రొబేషన్ ఎంతకాలం, ప్రొబేషన్‌లో నోటీసు ఎన్ని రోజులు, తర్వాత ఎన్ని రోజులు, ఈ మూడూ లెటర్లో ఉండాలి. నోటీసు మూడు నెలలన్నారంటే “కంపెనీ వద్దనుకుంటే నాకు కూడా మూడు నెలలు ఇస్తారా సార్” అని అడగొచ్చు. మెల్లగా, మామూలు గొంతుతో.

ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే మాత్రం ఇవ్వకండి. చూపించండి, వాళ్ల ముందే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. మన రెండు ఊళ్లలో ప్రైవేటు కాలేజీల దగ్గర్నుంచి మొదలై ఈ అలవాటు ఎన్నోచోట్లకి పాకింది. లెక్చరర్ వేరే చోటికి వెళ్తానంటే డిగ్రీ బీరువాలో ఉంటుంది, అడ్మిషన్లు అయ్యేదాకా ఇవ్వరు. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు, డిపాజిట్ అడిగినా ఇదే మాట. “సర్టిఫికెట్లు ఇక్కడ పెట్టుకుంటారా, చూసి ఇచ్చేస్తారా సార్?” అని ముందే అడిగేస్తే చేరేరోజు మొహమాటం ఉండదు. ఉద్యోగానికి మీరు డబ్బు కట్టాల్సిన చోటుకి వెళ్లనే వద్దు.

బాండ్, అంటే ఇన్నేళ్లు చేస్తాను, మధ్యలో మానేస్తే ఇంత కడతాను అని రాసిచ్చే కాగితం విషయంలో ఊళ్లో ఒక మాట తిరుగుతుంటుంది, “బాండ్లు కోర్టులో నిలవవు, పెట్టేయ్ సంతకం” అని. నమ్మకండి. 2025 మే నెలలో ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం మానేశాక ఫలానా చోట చేయకూడదని కట్టడి చేసే షరతులకి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. కానీ కొంతకాలం చేస్తానని ఒప్పుకుని మధ్యలో మానేసినందుకు సమంజసమైన పరిహారం అడగడం వేరు. కాబట్టి బాండ్ ఉందంటే “ఎంతకాలం, ఎంత మొత్తం, దేనికి ఖర్చుపెట్టినందుకు?” అని మూడూ అడిగి, కాగితం ఇంటికి తెచ్చుకుని, మీ ఆడిటర్ గారికి చూపించాకే సంతకం పెట్టండి. అక్కడికక్కడే పెట్టాలని పట్టుబడితే లేచి వచ్చేయండి.

ఇది చదివే మిగతా పిల్లలకి కూడా రెండు మాటలు. జూనియర్ కాలేజీల్లో లెక్చరర్‌గా చేరేవాళ్లు “జీతం పన్నెండు నెలలా, పదా?”, “వేసవిలో అడ్మిషన్ టార్గెట్ ఉందా, పోయినేడు ఒక్కొక్కరికి ఎన్ని ఇచ్చారు, చేరకపోతే జీతంలో కోశారా?” అని తప్పక అడగండి. నర్సులుగా సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో చేరేవాళ్లు “రాత్రి డ్యూటీలో ఒక్కొక్కరికి ఎంతమంది పేషెంట్లు, రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీకి డబ్బిస్తారా” అని అడగాలి. మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో, కమీషన్ కొట్లలో చేరేవాళ్లు సీజను తర్వాత కూడా ఉద్యోగం ఉంటుందో లేదో తేల్చుకోవాలి.

ఎలా అడగాలన్నది కూడా చెబుతాను. ఇవన్నీ ఒకే దఫాలో అడిగితే ఎవరికైనా విసుగొస్తుంది. ఓనరు గారి దగ్గర పని గురించి రెండే రెండు: పోస్టు ఎందుకు ఖాళీ అయింది, మొదటి మూడు నెలల్లో నేను ఏం సరిచేస్తే మీకు నచ్చుతుంది. ఈ రెండోది ఆయనకి చాలా ఇష్టమైన ప్రశ్న అవుతుంది చూడండి, మనసులో ఉన్న చిరాకులన్నీ చెప్పేస్తారు. అవుట్‌స్టాండింగులు (రావాల్సిన బాకీలు) రావడం లేదనో, బ్యాంకు రికన్సిలియేషన్ (బ్యాంకు లెక్కతో మన లెక్క సరిచూడటం) ఆర్నెల్లుగా ఆగిపోయిందనో. అదే మీరు చేయబోయే పని. మేనేజర్ దగ్గర 20వ తేదీ, టాలీ సంగతులు. హెచ్ఆర్ లాంటివాళ్లు ఉంటే జీతం తేదీ, బ్రేకప్, పీఎఫ్, లెటరు. హెచ్ఆర్ లేకపోతే డబ్బు సంగతులు ఇంటర్వ్యూలో వదిలేసి, తీసుకుంటామని చెప్పాక అడగండి. వాళ్లు మిమ్మల్ని కావాలనుకున్నాక అడిగే ప్రశ్నకి జవాబు మర్యాదగా వస్తుంది. ఒకే ప్రశ్న ఇద్దరిని విడివిడిగా అడగడం కూడా మంచి పద్ధతి. ఓనరు “ఆరింటికల్లా అందరూ వెళ్లిపోతారు” అంటే, మేనేజరు “ఎనిమిదవుతుంది” అంటే, ఎనిమిదే నిజం. చిన్న నోటుపుస్తకంలో ప్రశ్నలు రాసుకుని వెళ్లడంలో సిగ్గేమీ లేదు. “రాసుకొచ్చాను సార్, ఒకసారి చూసుకుంటాను” అంటే ఎవరూ ఏమీ అనరు. పుస్తకం తెరిచి అడిగిన అకౌంటెంట్ మీద నాకైతే నమ్మకం పెరుగుతుంది.

శనివారం ఏం మాట్లాడుకున్నారో ఆ రాత్రే రాసిపెట్టుకోండి. తీసుకుంటామని ఫోన్ వస్తే, “చాలా సంతోషం సార్, మనం అనుకున్న జీతం, చేరే తేదీ, నోటీసు వివరాలు ఒక మెయిల్ పెడతారా” అని అడగండి. వాళ్లు పెట్టకపోతే మీరే వాట్సాప్‌లోనైనా పెట్టి “సరేనా సార్” అనిపించుకోండి. ఆ మెయిల్ చేతికి వచ్చేదాకా బ్రాడీపేటలో రాజీనామా ఇవ్వొద్దు. వచ్చాక కూడా ఆడిటర్ గారికి ఒక నెల ముందు చెప్పి, చేతిలో ఉన్న ఫైళ్లు అప్పగించి, రిలీవింగ్ లెటర్ తీసుకుని రండి. చేరే తేదీ దానికి తగ్గట్టు అడగండి, ఆ మాత్రం ఆగలేని కంపెనీలు తక్కువ. చేరిన రెండో నెల చివర్లో యూఏఎన్ (మీ పీఎఫ్ ఖాతా) నంబరు తీసుకుని ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడండి, మొదటి నెల డబ్బు అందులో పడి ఉండాలి. పడకపోతే నెల రోజులు ఆగకుండా ఆ రోజే అడగండి.